అర మంచం మహాభాగ్యం

ఆస్పత్రిలో పిల్లకొక మంచం కావాలని గోల చేసేవాళ్ల మాట నమ్మకండి! మంచానికి ఇద్దరుంటేనే సుఖం. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, ఈ సంగతి పుస్తకాలు చదివినవాళ్లకంటే నాకే బాగా తెలుసు.

మా గడుగ్గాయికి ఆరేళ్లు, బ్లడ్ క్యాన్సర్. మంచంలో రెండో సగం ఇంకో పిల్లది, బుంగమూతిది. అదే ఈడు, అదే జబ్బు. ఒకతె తల కిటికీ వైపు, రెండోదాని తల తలుపు వైపు. నడుమ కాళ్ల యుద్ధం! ఏ వ్యాయామశాలలో ఇంత కసరత్తు దొరుకుతుంది?

"అమ్మా, దీని కాలు నా దేశంలోకొచ్చింది!"

"అది నా కాలు కాదే, నీదే! చూస్కో!"

ఒకతె మాత్ర మింగితే, నేనేం తక్కువా అని రెండోదీ మింగేది. జుట్టు కూడా పోటీపడే రాల్చుకున్నారు. ఒకదాని జలుబు రెండోదానికి ఉచితంగా డెలివరీ! ఓసారి సూది వేళకు పేర్లు మార్చి చెప్పారు. నర్సమ్మ మాత్రం చేతిపట్టీలు చూసి, "ఇంకోసారి అబద్ధమాడావో, దాని సూదీ నీకే!" అంది.

బుంగమూతి తల్లిని నేను వదినా అంటాను. మంచం కలిపిన చుట్టరికం మరి!

పోయిన వారం బుంగమూతి బుగ్గలు నిండాయి. ఊరినుంచి వాళ్ల తాత దిగాడు.

"పిల్ల నిక్షేపంలా ఉంది. ఇంకా సూదులెందుకు? రెండు బస్సులు, ఓ రైలు మారి ఎన్నాళ్లు తిరుగుతాం?"

"పెద్దాయనా, సగంలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మందులకు లొంగదు" అంది డాక్టరమ్మ.

"చూద్దాంలే తల్లీ."

వదిన నా మొహం చూడకుండానే సంచి సర్దుకుంది.

మంచాల కొరత ఎలా తీరుతుందా అని తల పట్టుకున్న అధికారులారా, తీరింది! కొత్త మంచం ఒక్కటీ కొనలేదు. ఆస్పత్రిని ఊళ్లకు అందనంత దూరంలో ఉంచారంతే. ఆహా, ఏం బుర్ర! ఇలాగే సాగిస్తే వార్డు వార్డంతా ఖాళీ!

మా గడుగ్గాయికిప్పుడు నిండు మంచం. బారుగా కాళ్లు చాపుకోవే అంటే, "అది దాని దేశం" అంటోంది. అయ్యా, మీ దయ మరీ ఎక్కువైంది. ఆ సూదులేవో బుంగమూతి ఊరి దగ్గరే వేయించండి, లేదా మా సగం మంచం మాకు తిరిగి ఇప్పించండి!