విప్పని సంచుల వెచ్చదనం

మా ఊళ్ళో ఇళ్ళ లోపల చలిని నిషేధించారు. అక్టోబరులో నగర సభ కొలువు తీరి, చేతులెత్తి, ఏకగ్రీవంగా నిషేధించింది. అటక మీద అరవై ‘ఆర్’ ఉన్న ఇంట్లో చలి ఉండదు. ఉన్నట్టు ఎవరికైనా తోస్తే అది వారి సొంత వ్యవహారం.

ఆర్ అంటే ఇంట్లో వేడి బయటికి పారిపోకుండా అడ్డుకునే శక్తికి పెట్టిన అంకె. పెద్ద అంకె, పెద్ద అడ్డు. అంతే సంగతి. కాని అమెరికా ఉత్తరాన ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డున మా పెద్దమనుషులకు అది బిరుదైపోయింది. చర్చిలో కాఫీ తాగుతూ పిల్లల క్షేమం అడగడం మానేసి, మీ ఆర్ ఎంతని అడుగుతున్నారు. ముప్పై ఎనిమిది ఉన్నవాడు తల దించుకుని కేకు తింటున్నాడు.

మా ఇంటి యజమాని ఆర్విడ్ స్కోగెన్ అరవై సంపాదించాడు. ఎలాగంటే, వేడి పోకుండా అటక మీద పరిచే గాజుదూది, ముప్పై ఆర్ అని ముద్రించిన సంచులు రెండు కొని, కట్టు విప్పకుండానే అటక మీదికి తోశాడు. నగర సభ తనిఖీ అధికారి రోలాండ్ కివీ నిచ్చెనెక్కి, అటక మూత ఎత్తి, తల మాత్రం దూర్చి, సంచుల మీది అంకెలు కూడాడు. ముప్పై, ముప్పై, అరవై. దిగి సర్టిఫికెట్ రాసిచ్చాడు.

నేను ఆ ఇంట్లోనే కింద వెనక గదిలో అద్దెకుంటాను. రేవులో ఓడలకు ఇనుప ఖనిజం ఎత్తే కూలివాణ్ణి. ఆ దూదిని సంచి మీద చెప్పినంత మందాన, సందు లేకుండా పరిస్తేనే అంకె పనిచేస్తుందనీ, అటకంతా రెండు వరసలు పరవడానికి ముప్పై సంచులు కావాలనీ చెప్పాను. దుప్పట్లు మడిచి బీరువాలో పెడితే మంచం మీదివాడికి చలి ఆగుతుందా అని కూడా అడిగాను.

“నీ చదువెంత?” అన్నాడు కివీ.

“సంచి మీద ఉన్నంత సారూ.”

మర్నాడే తలుపుకు ‘వెచ్చని ఇల్లు’ అని ఇత్తడి పలక వెలిసింది. వీధిలో కప్పులన్నీ మంచుతో తెల్లగా ఉంటే మాది ఒక్కటే నల్లగా, బోడిగా ఉండేది. “చూశారా, మా ఇంటి మీద నిలవడానికి మంచు కూడా జంకుతుంది,” అని ఆర్విడ్ వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. అందరూ ముచ్చటపడేవారు. మేడ మీద గదిలో అద్దెకుండే ఐలీ హౌతలా రాజేసుకున్న వేడే కప్పు దాటిపోయి ఆ మంచును కరిగిస్తోందని ఒక్క బుర్రకూ తట్టలేదు.

ఐలీకి డెబ్భై తొమ్మిదేళ్ళు. జనవరిలో ఆమె మంచం పక్క గ్లాసులో నీళ్ళు గడ్డకట్టాయి. మరో నెల ఆ గదిలో ఉంటే ఊపిరితిత్తులు నిలవవన్నాడు డాక్టరు. ఆ గది చలికి మనిషి ఉండదగినది కాదని నగరం ఒక్క ముక్క రాసిస్తే చాలు, యజమాని ఆ రోజే ఆమెకు వెచ్చని గది ఇచ్చి తీరాలి. అది చట్టం. ఆ ఇంట్లో వెచ్చని గది ఆర్విడ్ పడగ్గది ఒక్కటే. అందుకే ఆ ముక్క రాలేదు. మూడు అర్జీలు పెట్టాం. మూడింటికీ ఒకటే జవాబు: “అరవై ఆర్ గల గృహమున చలికి ఆస్కారము లేదు. అర్జీదారు వైద్యుని సంప్రదించవలెను.”

చలికాలం ఓడలు రావు. పనిలేని రేవు కూలీలం ఇరవైమందిమి కివీ ఆఫీసుకు వెళ్ళి, అతని బల్ల చుట్టూ కదలకుండా కూర్చున్నాం. నాలుగో అర్జీకి, ఐలీ గదిలోనే విచారణ జరిపిస్తానని ఒప్పుకున్నాడు.

కివీ, ఆర్విడ్ కోట్లు, టోపీలు, చేతి తొడుగులతో వచ్చారు.

“ఐలీ గారూ, ఇంత హాయైన గది ఊళ్ళో ఎవరికుంది చెప్పండి,” అన్నాడు ఆర్విడ్. మాటతో పాటు నోట్లోంచి ఆవిరొచ్చింది.

“అయితే ఆ కోటు విప్పు నాయనా, కొక్కేనికి తగిలిస్తాను.”

“పర్లేదమ్మా. ఎంతసేపుంటాం గనక.”

“నేను పదకొండేళ్ళ నుంచీ ఉంటున్నాను.”

కివీ గొంతు సవరించుకుని రాయబోయాడు. కలం రాయలేదు. విదిలించాడు, ఊదాడు, చంకలో పెట్టుకున్నాడు.

“సిరా గడ్డకట్టింది,” అన్నాడు.

“అరవై ఆర్‌లో సిరా గడ్డకట్టడానికి ఆస్కారం లేదు సారూ,” అన్నాను. “కలాన్ని వైద్యుడికి చూపించండి.”

ఆర్విడ్ గబగబా పెన్సిలిచ్చాడు. ఏడు నిమిషాలు గడిచేసరికి కివీ పళ్ళు టకటకలాడాయి. ఒక ఉత్తర్వు గిలికి, ముద్ర గుద్ది, ఐలీ చేతిలో పెట్టి మెట్ల వైపు పరుగెత్తాడు. ఆమె కళ్ళజోడు మీద మంచు పేరుకుంది. నేనే చదివి వినిపించాను.

“సదరు గది తీవ్రమైన చలి వలన మనిషి ఉండదగినదిగా లేనందున, ఆ గదిలో చలి ఉన్నదా లేదా అను విచారణ మే నెలకు వాయిదా వేయడమైనది.”

మెట్ల మధ్యలో అడుగుల చప్పుడు ఆగింది. కివీ రొప్పుకుంటూ మళ్ళీ పైకొచ్చాడు.

“ఆ కాగితం ఇటివ్వమ్మా. అందులో మనిషి అని రాసింది నా గురించి. మీ గురించి కాదు.”

ఐలీ కాగితాన్ని మడిచి స్వెట్టర్ లోపల పెట్టుకుంది.

“అది నాకు ముందే తెలుసు బాబూ,” అంది. “ఆర్విడ్, ఆ దిండు పట్టుకో. మీ పడగ్గదికి పోదాం.”