ఉత్తమ ప్రసూతి ఆసుపత్రి

ఈ ఏటి ఉత్తమ ప్రసూతి ఆసుపత్రి అవార్డు ఊరి చివరి ఆసుపత్రికే దక్కిందనీ, పన్నెండేళ్ల కిందట స్వహస్తాలతో రిబ్బను కత్తిరించిన మంత్రిగారే మళ్లీ విచ్చేసి షీల్డు బహూకరిస్తారనీ ఆరోగ్యశాఖ ప్రకటించింది. అది విని అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు ఆ ఆసుపత్రి వాచ్‌మన్. రిబ్బను తెగిన రోజు తర్వాత అక్కడికి డాక్టరు రాలేదు, నర్సు రాలేదు, దూది ఉండ కూడా రాలేదు. వచ్చినవల్లా చెట్లే.

మొదట మందుల గది గోడ పగుల్లో రెండాకుల మొక్క మొలిచింది. ప్రభుత్వ భవనంలో ఉన్నదేదీ అనుమతి లేకుండా తొలగించరాదని రూలు. వాచ్‌మన్ అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకున్నాడు. జవాబు వచ్చేలోపు మొక్క కప్పు చీల్చుకుని ఆకాశం చూసింది.

నెలనెలా ఒక ఫారం నింపి పంపాలి. మొదటిసారి అన్ని గళ్లలోనూ సున్నాలు చుట్టి పంపితే ఫారం తిరిగొచ్చింది. మరణాల గడిలో తప్ప ఇంకెక్కడా సున్నాను కంప్యూటరు ఒప్పుకోదనీ, ఉన్నదేదో రాసి చావమనీ గుమాస్తా చీవాట్లు పెట్టాడు. వాచ్‌మన్ నోట అబద్ధం రాదు. ఉన్నదే రాశాడు. పడకలు పది, పదింటి మీదా పావురాలు, కాబట్టి భర్తీ నూటికి నూరు శాతం. ప్రసూతి గది బల్ల మీద పిల్లి పిల్లల్ని పెట్టింది, కాబట్టి కాన్పు ఒకటి, శిశువులు నలుగురు. తల్లీపిల్లలు క్షేమం. ఆ పిల్లీ, దాని కూతుళ్లూ, మనవరాళ్లూ వంతులేసుకుని పన్నెండేళ్లు ఆసుపత్రి పరువు నిలబెట్టాయి.

ఇంట్లో వాచ్‌మన్ కూతురికి నెలలు నిండాయి. పెద్దాసుపత్రి అరవై కిలోమీటర్ల దూరం. దేవుడల్లే మంత్రిగారే వస్తుంటే ఇంకేం కావాలి, ఒక్క మాట అడిగేద్దామని అతను గుండె చిక్కబట్టుకున్నాడు.

మంత్రిగారు వచ్చారు. పైకప్పు లేని వార్డులో నిలబడి గాలీ వెలుతురూ భేషుగ్గా ఉన్నాయన్నారు. తమ పేరున్న శిలాఫలకాన్ని చెట్టు వేళ్లు చుట్టేసి ఉండడం చూసి, ప్రకృతికి కూడా తనను వదలబుద్ధి కావడం లేదని కళ్లు ఒత్తుకున్నారు.

"అయ్యా, ఆ కాన్పులన్నీ పిల్లులవండి," అన్నాడు వాచ్‌మన్.

మంత్రిగారు అతని భుజం తట్టారు. "చూశారా, మనిషీ పిల్లీ అని తేడా చూడడు. సేవంటే ఇదీ."

"మా అమ్మాయికి రేపో మాపో అన్నట్టుందండి. ఒక డాక్టరమ్మను ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటా."

మంత్రిగారు పక్కనున్న ఆఫీసరు వైపు చూశారు. డాక్టర్లున్న ఆసుపత్రులన్నింటిలోనూ మరణాలున్నాయనీ, ఇక్కడే లేవనీ ఆఫీసరు వినయంగా విన్నవించాడు. మంత్రిగారు కాసేపు ఆలోచించి, చక్కగా నడుస్తున్నదాన్ని చెడగొట్టే పాపం తాను మూటగట్టుకోలేనన్నారు. ఇంత మంచి ఆసుపత్రి ఉన్నచోట అంబులెన్సు దండగ అని, ఊళ్లో ఉన్న ఒక్కదాన్నీ అవసరమున్న మరో ఊరికి పంపేశారు. చప్పట్లు మోగాయి. మైకుల గోలకి బెదిరి, నిండు చూలాలైన పిల్లి కిటికీలోంచి దూకి పారిపోయింది.

నాలుగోనాడు కూతురికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "మీకు దగ్గర్లో అవార్డు ఆసుపత్రి ఉందని చూపిస్తోందండీ. అక్కడికే తీసుకెళ్లండి."

పెద్దాసుపత్రికని పాల వ్యాను ఎక్కించారు. సగం దారిలో, పాల క్యాన్ల మధ్య, వాచ్‌మన్ భార్య చేతుల్లో ఆడపిల్ల పుట్టింది. కూతురికి రక్తం ఆగలేదు. మిగతా ముప్పై కిలోమీటర్లూ వాచ్‌మన్ ఆమె చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. పెద్దాసుపత్రిలో పదకొండు రోజులకి ఆమె లేచి కూర్చుంది.

నెలాఖరున ఫారం నింపుతూ కాన్పుల గడి దగ్గర ఆగాడు. మనవరాలు పుట్టింది వ్యానులో. పిల్లి జాడ లేదు. ఉన్నదున్నట్టు సున్నా పెట్టి పంపాడు.

ఈసారి ఫారంతోపాటు మెమో కూడా వచ్చింది. అవార్డు అందుకున్న నెలలోనే కాన్పులు పడిపోవడానికి కారణమేమిటో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే ఉద్యోగం ఊడుతుంది.

వాచ్‌మన్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఒళ్లో నిద్రపోతున్న మనవరాలిని భార్యకి అందించి, గిన్నెలో పాలు పోసుకుని, పిల్లిని వెతకడానికి బయలుదేరాడు.