జోహా రాలేదట, సంతోషం!

మనుషుల్ని కళ్లతో చూసి గుర్తుపట్టే అలవాటు ఇక మానేయాలని నా గట్టి అభిప్రాయం. కళ్లు పాత సామాను. నావైతే మరీ పాతవి. కంటితో చూస్తే మెసేజ్ రాదు, రుజువుండదు. ఎందుకు నమ్మాలి?

నవ్వకండి. మా మెదక్‌లో నా మనవరాలు జోహా చదివే బడి గేటుకు ఈ ఏడాది ఒక మిషన్ బిగించారు. ప్రతి పిల్ల మెడలో ఒక కార్డు, కార్డులో చిప్పు. గేటు దాటగానే కార్డు తన పేరు మిషన్‌కు చెబుతుంది. మిషన్ నా ఫోనుకు చెబుతుంది: "జోహా బడికి చేరింది."

పకోడీ పొట్లాల కాగితాల మీద తెలుగు నేర్చుకున్నదాన్ని నేను. ఇంత చక్కని వాక్యం ఇన్నేళ్లలో చదవలేదు!

గడప దాటిన మనిషి మళ్లీ కనబడేదాకా నాకు ఊపిరాడదు. మా ఆయన "చాయ్ పెట్టు, దవాఖానకు పోయొస్త" అని నడిచి వెళ్లారు. చాయ్ చల్లారిపోయింది. మా చెల్లెలు టేక్మాల్ బస్సు కిటికీలోంచి చెయ్యూపింది. అదే ఆఖరు. వాళ్ల మెడల్లోనూ కార్డులుంటే ఎంత బాగుండేది! "చేరారు" అని ఒక్క మెసేజ్ చాలదా?

ఒక సోమవారం మెసేజ్ వచ్చింది: "జోహా బడికి రాలేదు."

చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కాను. దారంతా దువాలు చదివాను. తరగతిలోకి తొంగిచూస్తే జోహా పొద్దున్నే తన దోస్తు శ్రేయ డబ్బాలోంచి పులిహోర లాగిస్తోంది.

"నువ్వు రాలేదంటనే!"

"ఈడనే ఉన్న గద దాదీ! శ్రేయ గూడ రాలేదంట. ఇద్దరం లేము, మస్తుంది!"

మిషన్ బిగించిన నగేష్ వివరం చెప్పాడు. "ఇద్దరు మెడల మీద చేతులేస్కొని వస్తున్నరమ్మా. కార్డు మీద కార్డు పడితే రెండూ ఒక్కపారే జవాబిస్తయ్. మిషన్‌కు ఒక్కోపారి ఒకటే అందుతది, ఒక్కోపారి ఏదీ సమజ్ గాదు. జర ఎడంగ నడువుమనుండ్రి."

ఎంత గొప్ప శాస్త్రం! విడిపోయినవాళ్లే ఉన్నట్టు. కలిసున్నవాళ్లు లేనట్టు. కొట్లాడుకున్న పిల్లలకు నిండు హాజరు! కవలలైతే నెలంతా గైర్హాజరే! ఎడబాటు నాకు ముసలితనందాకా వంటబట్టలేదు. ఈ బడి ఒకటో తరగతిలోనే నేర్పుతోంది. ఫీజు ఎక్కువని ఎవరంటారు?

ఎంత చెప్పినా ఆ ఇద్దరూ చేతులు తీయలేదు. ప్రిన్సిపాల్ దేవిక మేడం ఉపాయం కనిపెట్టింది. జోహాకు ఎ సెక్షన్, ముందు గేటు. శ్రేయకు బి సెక్షన్, వెనుక గేటు. మిషన్‌ను మార్చాలంటే కష్టం, పిల్లల్ని మార్చడం సులువు కదా!

ఆ రోజు జోహా అన్నం ముట్టలేదు. "దాదీ, ఇగ శ్రేయకు నేను కనబడనా?" అని మాత్రం అడిగింది.

సెక్షన్లు మారే ముందు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మిషన్ గొప్పతనం చూపడానికి గోడ మీద పెద్ద తెర. మేడం భర్త రాజేందర్ సారే బడికి కరస్పాండెంట్. ఇద్దరూ రోజూ ఒకే స్కూటర్ మీద వస్తారు, మెడలో కార్డులతో. తెర వెలిగింది. "దేవిక: రాలేదు."

నేను లేచి నిలబడ్డాను.

"సార్, మేడం రాలేదట."

"ఈడ నిలబడ్డ గదా దాదీమా! కూసోండ్రి," అంది మేడం.

"రాని మేడం మాట నేనెట్ల వినాలె? సార్, ఒక్క బండి మీద అంత దగ్గరగ కూసుంటే గిట్లనే అయితది. మీరు ఎ సెక్షన్ల ఉండుండ్రి. మేడంను బి సెక్షన్ల వేసి, ఎనక గేటుకెళ్లి రమ్మనుండ్రి."

హాలంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. మేడం నవ్వలేదు గానీ, తెర ఆపించింది. సెక్షన్ల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తరగతిలో టీచరు ఇప్పుడు పేరు పేరునా పిలిచి, తలెత్తి చూస్తోందట. పాపం, ఎంత వెనుకబడ్డ పద్ధతి!

నేను మాత్రం మిషన్‌నే నమ్ముతాను. రోజూ పొద్దున్నే మెసేజ్ వస్తుంది: "జోహా బడికి రాలేదు." అల్‌హమ్దులిల్లా అనుకుని, నిమ్మళంగా చాయ్ తాగుతాను.

నిన్న "చేరింది" అని వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కాను.