యాదలక్ష్మి రెండు నిమిషాలు

సకల జనుల సమ్మె నాటి సంగతి. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని నిరసన తెలపాలనీ, ఆ వంటావార్పులో మహిళలకు అగ్రస్థానం కల్పించాలనీ మన కాలనీ ఉద్యమ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. పదకొండుమంది సభ్యులూ మగవారే కావడంతో ఏకాభిప్రాయానికి ఎలాంటి ఆటంకమూ కలగలేదు.

అగ్రస్థానమంటే పొయ్యి దగ్గరని మర్నాడు తెలిసింది. మహిళా విభాగం కన్వీనర్ యాదలక్ష్మి రెండొందల మందికి పప్పు ఎక్కించింది. ఆమె కొంగున ఒక కాగితం ముడేసి ఉంది. కమిటీలో సగంమంది ఆడవాళ్లుండాలని అందులో రాసుకుంది. చదవడానికి రెండు నిమిషాలు చాలు. ఎలాగైనా చదవాలని వారం రోజులుగా ఆమెకు నిద్ర లేదు.

"ఆడబిడ్డలు గొంతెత్తందే తెలంగాణ రాదు!" అంటూ అధ్యక్షుడు పాండురంగం ముప్పావుగంట సేపు గొంతెత్తాడు.

"అన్నా, జర మైకు నాకియ్యి. రెండే నిమిషాలు" అంది యాదలక్ష్మి.

"ఇస్తం చెల్లె, మైకు యాడికి పోతది? ముందుగాల పప్పు సూడు, అడుగంటుతున్నట్టుంది."

అడుగంటలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా గరిటె తిప్పింది.

ఆమె తప్ప అందరూ భోంచేశాక పోలీసు వ్యాన్లు వచ్చాయి. "ఆడోళ్లు ముందుకు రావాలె!" అని కమిటీ తక్షణం పిలుపునిచ్చింది. నాయకుడెవరని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. పాండురంగం వినయంగా "గీ చెల్లెనే సార్" అని చూపించి, మైకు వైరు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఠాణాలో ఏం చెప్పుకుంటావని కానిస్టేబుల్ అడిగాడు. యాదలక్ష్మి కాగితం విప్పి మొత్తం చదివింది. అతను అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, "ఇంకేమన్న ఉందా అమ్మా?" అన్నాడు. ఆ మాట అంతవరకూ ఆమెను ఎవరూ అడిగింది లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం విడిచిపెడితే కాలనీకి వచ్చింది. అక్కడ అభినందన సభ జరుగుతోంది. ఆమె సాహసానికి గుర్తింపుగా ఆమె భర్త జంగయ్య మెడలో పూలదండ వేశారు. కొత్తగా ఏర్పడిన మహిళా రక్షణ ఉపసంఘానికి కూడా అతనే అధ్యక్షుడు.

యాదలక్ష్మి నేరుగా వేదిక దగ్గరికి నడిచింది. "అన్నా, నా రెండు నిమిషాలు?"

పాండురంగం ఆశ్చర్యపోయాడు. "ఠాణాల చెప్పొచ్చినవ్ గదా చెల్లె! చెప్పిందే ఎన్నిసార్లు చెప్తవ్?"

సభంతా చప్పట్లు కొట్టింది. పొద్దున ఆమె వండిన పప్పు తిన్న చేతులతోనే మనమూ కొట్టాం.