నీళ్లొచ్చాయా? తాకి చెప్పండి!

వార్తలు చదవడం అనాగరికం! ఇప్పుడు వార్తను తాకాలి. తాకితే అది కదలాలి, రంగు మారాలి. నలుగురిలో నోరు విప్పలేని నాలాంటి వాళ్లకు ఇదెంత వరం! వేలు ఒక్కటి ఉంటే చాలు.

ఈ జ్ఞానం నాకు మా పెద్దమ్మ కూతురు కలైసెల్వి వల్ల అబ్బింది. విరుదునగర్‌లో ఒక వార్తల వెబ్‌సైటుకు ఆమె డెవలపరు. మొదటి ఏడాది ఎన్నికల ఫలితాల గీతలను పైకి లేపింది. రెండో ఏడాది ఎండలను బంతిగా చేసి గిరగిరా తిప్పింది. మూడో ఏడు జిల్లాల నీళ్ల మ్యాపు చేసింది. "మీ ఊళ్లో నీళ్లొచ్చాయా?" అవునంటే నీలం, లేదంటే ఎరుపు. వారానికి ఊరికొక్క జవాబే. ముందు ఎవరు తాకితే వారిదే ఊరి మాట. ప్రజాస్వామ్యం ఇంత పొదుపుగా ఇంకెక్కడైనా ఉందా?

కోవిల్‌పట్టి దగ్గర మా ఊళ్లో పన్నెండు రోజులుగా కొళాయి రాలేదు. నీళ్ల లారీయే దిక్కు. అప్పుడే సెలవుకు వచ్చిన కలైసెల్వి, ఫోనులో ఆ మ్యాపు తెరిచి మా అవ్వ సుబ్బులక్ష్మి చేతిలో పెట్టింది.

"నేను సేసిండేది అవ్వా. తాకి సూడు."

"నా బిడ్డ సేసిండేదా!"

అక్షరాలున్న దేన్నయినా అవ్వ కళ్లకద్దుకుంటుంది, బస్సు టికెట్టును కూడా. ఫోనునూ అద్దుకుంది. అవ్వ ముక్కు కాస్త పెద్దది. అది వెళ్లి "అవును" మీద పడింది.

ఊరు నీలమైపోయింది! "ధన్యవాదాలు" అంటూ తెరమీద రంగుకాగితాలు రాలాయి. ఆ ముచ్చట కూడా కలైసెల్వి రాసిన కోడే.

మర్నాడు లారీ రాలేదు. నీళ్ల ఆఫీసరు ఆ మ్యాపు చూసే లారీలు పంపుతాడట. పక్కింటి గాంధిమతత్త అడిగితే "మీ ఊరు నీలంగా ఉందమ్మా" అని ఫోనులో నవ్వాడట. అత్త ఖాళీ బిందెతో కలైసెల్వి మీదికి వచ్చింది.

"నీవు సేసిందే కదా పిల్లా, మార్చు."

"మార్చేకి కాదత్తా, లాక్ అయిపోయె. నాది రంగు పని, నీళ్ల పని కాదు."

"అట్లయితే ఆ నీలమే దీంట్లో పొయ్యి!"

ఎరుపు చేయాలని ఊరంతా రెండు రోజులు ఆ మ్యాపును పొడిచింది. ఇసక్కి మామ బొటనవేలు వాచింది. శ్రమ వృథా పోలేదు! అన్నిటికన్నా ఎక్కువ తాకిన ఊరు మాదేనని వెబ్‌సైటు వాళ్లు మురిసిపోయి, కలైసెల్విని సీనియరును చేశారు. దాహానికి ఇంత ఆదరణ ఉందని ఎవరనుకున్నారు?

వెనకటి పద్ధతి ఎంత మోటు! విలేకరి ముత్తురామన్ బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ మా అరుగు మీద కూలబడి, "అమ్మా, చెంబెడు నీళ్లు" అనేవాడు. లేవంటే అదే రాసేవాడు. మ్యాపు వచ్చాక ఆయనను ఇంటికి పంపేశారు.

పంపరా మరి? ఆయనకు ఏ బటనూ నొక్కడం రాదు. దాహం వేయడం ఒక్కటే వచ్చు.