ప్యో అమ్మగారి బుగ్గలూ, కీరదోసకాయ కుట్రా

“ఈ ఊళ్ళో నేరస్థులకి ఇక కంటిమీద కునుకుండదు!”

వేడినీళ్ళ తొట్టిలోంచి లేచి నిలబడి మరీ ప్రకటించింది బోంగ్‌సున్. నెత్తిన తువ్వాలు పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకుని ఉంది. ఒంటిమీద అంతకుమించి నూలుపోగు లేదు.

“ముప్ఫయ్యేళ్ళు ఈ తోంగ్‌యోంగ్‌లో ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివిన కళ్ళివి. గోడలో ఏ గొట్టం కారుతోందో గుమ్మంలోంచే చెప్పేదాన్ని. నన్ను దాటిపోయే దోషి ఇంకా కడుపున పడలేదు!”

“ముందు కూచో అక్కా, నీళ్ళన్నీ నామీదే పడుతున్నాయి,” అంది గుమ్‌జా.

గుమ్‌జాకి నవ్వే ఓపిక లేదు పాపం. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆడవాళ్ళ స్నానశాలలో ఒళ్ళు రుద్దే పని ఆమెది. గులాబీ రంగు బల్లమీద పడుకోబెట్టి, ఆకుపచ్చ గరుకు గుడ్డతో రుద్దిందంటే వారం రోజుల మట్టి సేమ్యాల్లా చుట్టలు చుట్టుకుని రాలాల్సిందే. చివర్లో తురిమిన కీరదోసకాయ ముఖానికి పట్టించి పంపేది. ఆ కీరాయే ఇప్పుడు ఆమె ప్రాణం మీదకి తెచ్చింది. పోయిన శనివారం రుద్దించుకుని వెళ్ళిన ప్యో అమ్మగారికి తెల్లారేసరికి బుగ్గలు కారంముద్దలా ఎర్రబడి, పొట్టు లేచాయి. ఆ పైవారమే కొడుకు పెళ్ళికోసం వియ్యాలవారితో మాటలు! ఆవిడ సోమవారం వచ్చి, “నీ కీరాలో ఏం కలిపావే?” అని నలుగురి ఎదుటా అరిచి పోయింది. ఆదివారంలోగా సంగతి తేలకపోతే ఆ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమానురాలు తేల్చి చెప్పింది.

“భయపడకు. కేసు నేను తీసుకున్నాను,” అంది బోంగ్‌సున్.

“అదే అక్కా నా భయం.”

మంగళవారం పొద్దున్నే బోంగ్‌సున్ బజారుకి వెళ్ళి, కూరల ముసలమ్మని నిలదీసింది.

“నిజం చెప్పు. ఈ కీరాలు ఎవరి కనుసన్నల్లో పెరిగాయి?”

“మా ఆయన కనుసన్నల్లో. ఆయనకి శుక్లాలు. కొంటావా, పక్కకి జరుగుతావా?”

నాలుగు కీరాలు సాక్ష్యం కింద కొనుక్కుని, దారిలో రెండు సాక్ష్యాలు నమిలేసింది. అక్కణ్ణుంచి పాత ఉద్యోగపు టోపీ పెట్టుకుని, మీటరు చూడాలంటూ ప్యో అమ్మగారింట్లో దూరింది. మీటరు గుమ్మం బయటే ఉంటుందని ఆ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ప్యో అమ్మగారు బుగ్గల బాధలో ఉండి పట్టించుకోలేదు. అద్దం బల్లమీద ఒక చిన్న ట్యూబు కనబడింది. “విషం!” అనుకుని జేబులో వేసుకుంది బోంగ్‌సున్.

ఇంటికొచ్చి చూస్తే ట్యూబు మీద ‘ముడతలకు’ అని పెద్ద అక్షరాలున్నాయి. కిందంతా చీమతలకాయలంత అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలిదాన్నయిపోతానని ఆవిడ పట్టుదల. కాసేపు ట్యూబునీ, అద్దాన్నీ మార్చి మార్చి చూసింది. చూడగా చూడగా అది విషంలా అనిపించడం మానేసింది. లెటస్ ఆకుకి సోయాముద్ద పట్టించినట్టు ముఖమంతా దట్టంగా పట్టించి పడుకుంది. బుధవారం రాత్రీ అంతే, గురువారం రాత్రీ అంతే. ఈ ముక్క గుమ్‌జాతో అనలేదు సుమా.

శుక్రవారం స్నానశాలలో నేరాన్ని మళ్ళీ ఆడి చూపిస్తానంది.

“ప్యో ఆవేళ వరసగా ఏమేం చేసింది?”

“వేడి తొట్టిలో కూచుంది. ముఖం మాత్రం నా చేతికివ్వదు అక్కా, తనే గరుకుగుడ్డతో రుద్దుకుంటుంది. వద్దన్నా వినదు. ఆ తరవాత నేను కీరా పెట్టాను.”

బోంగ్‌సున్ తొట్టిలో కూచుంది. గిన్నె అడుగు తోమినట్టు ముఖం తోముకుంది. బల్లెక్కి పడుకుని, “కీరా వెయ్యి,” అంది. గుమ్‌జా వేసింది.

“చచ్చాన్రోయ్! మంట! కీరాయే హంతకురాలు!”

ఆ కేకకి ఆవిరిగదిలో ఆడవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకాలే యజమానురాలు. బోంగ్‌సున్ బుగ్గలు ఉడికిన పీతలా ఉన్నాయి.

“ఇది రెండో ముఖం గుమ్‌జా. ఇంక ఆదివారం దాకా ఎందుకు? రేపు నీ బకెట్టు తీసుకెళ్ళిపో,” అంది యజమానురాలు.

గుమ్‌జా తన బల్లని మూడుసార్లు నీళ్ళు పోసి కడిగింది.

శనివారం పొద్దున్న బోంగ్‌సున్ కళ్ళు కూడా తెరవలేకపోతుంటే, గుమ్‌జాయే చెయ్యి పట్టుకుని మందుల షాపుకి నడిపించుకెళ్ళింది.

“నా పొట్ట కొట్టావు కదే అక్కా!”

“కేసు ఛేదించాను కదే!”

“ఛేదించింది నన్ను!”

షాపులో మందులిచ్చే గిల్ గారి ఎదుట, కళ్ళదాకా మాస్కు వేసుకున్న ప్యో అమ్మగారు కూచుని ఉంది. గిల్ గారు ఈవిడ బుగ్గలు చూసి, ఆవిణ్ణి మాస్కు దించమన్నాడు. ముక్కు పక్కన అదే ఎరుపు. పెదవుల మూలల్లో అదే పొట్టు.

“ఇద్దరూ ఒకటే రాశారే! రాత్రిపూట ఏం పట్టిస్తున్నారు?”

“నేనా? ఏమీ లేదు. పుట్టుకతోనే నాది నున్నటి చర్మం,” అంది ప్యో అమ్మగారు.

“నేరస్థలంలో దొరికిన సాక్ష్యం రాసుకున్నాను,” అంటూ బోంగ్‌సున్ దర్జాగా ట్యూబు తీసి బల్లమీద పెట్టింది.

“అయ్యో, అది మా అమ్మాయి ట్యూబు! నా అద్దం దగ్గర పెట్టుకుంటే మాయమైంది!” అని అరిచింది ప్యో అమ్మగారు. అరిచాక నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

గిల్ గారు కళ్ళజోడు సర్దుకుని వెనకవైపు చదివాడు. “రెటినాల్. సున్నితమైన చర్మానికి ఇది చాలా నెమ్మదిగా అలవాటు చెయ్యాలండీ. బఠాణీ గింజంత, ముఖం మొత్తానికి. మొదట వారానికి రెండు రాత్రులు చాలు. ముందు మామూలు క్రీము, దానిమీద ఇది, పైన మళ్ళీ క్రీము. పగలు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్. ఇది రాసే రోజుల్లో గరుకుగుడ్డ ముఖానికి తాకకూడదు. మీరెంత రాశారు?”

“సగం ట్యూబు,” అంది ప్యో అమ్మగారు.

“మిగతా సగం,” అంది బోంగ్‌సున్.

“రాసిన చర్మాన్ని తోమి, దానిమీద కీరా పెడితే మండదా మరి? కీరా ఏం చేసింది పాపం? మంట తగ్గేదాకా అన్నీ ఆపెయ్యండి. ఒట్టి సాదా క్రీము రాయండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి.”

గుమ్‌జా ప్యో అమ్మగారి ముందుకొచ్చి నిలబడింది.

“అమ్మగారూ, నా బల్ల?”

“చెబుతాలే... కానీ ట్యూబు సంగతి ఎందుకూ? నా చర్మం పుట్టుకతోనే ఇంత నునుపని అందరికీ చెప్పుకున్నాను.”

“నేను కీరాలో ఏదో కలిపానని కూడా అందరికీ చెప్పారు.”

ప్యో అమ్మగారు మాస్కు తీసేసింది. తరవాత దాన్ని మడిచి సంచిలో వేసుకుని లేచింది.

నేరుగా వెళ్ళి స్నానశాల మధ్యలో నిలబడి ఆ ఎర్రబుగ్గలతోనే చెప్పింది. “కీరాది తప్పు కాదు, గుమ్‌జాది అసలే కాదు. అమ్మాయి క్రీము దొంగతనంగా పులుముకుని, పైగా తోముకున్నది నేనే.”

“అపరాధిని పట్టుకోవడానికి నా సొంత ముఖాన్నే ఎర వేశాను!” అని బోంగ్‌సున్ బకెట్టు బోర్లించి దానిమీద ఎక్కింది. ఎవరూ తలతిప్పలేదు. ఆడవాళ్ళందరూ ప్యో అమ్మగారి చుట్టూ మూగారు. “ఆ ట్యూబు పేరేంటమ్మా? ఎక్కడ దొరుకుతుంది?”

గుమ్‌జా తన బల్లమీద నీళ్ళు కుమ్మరించి, నడుముమీద చేతులు పెట్టుకుంది.

“ఇవాళ్టినుంచి రుద్దే ముందే అడుగుతాను. అలాంటి క్రీము ఇంట్లో దాచుకుని రాసుకుంటున్నవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి!”

కాసేపటికి ఆవిరిలోంచి ఒక చెయ్యి, ఆ వెనక నాలుగు, ఆ వెనక పదకొండు లేచాయి.

మొదట లేచిన చెయ్యి యజమానురాలిది.