'గేమ్ ఓవర్'కు యజ్ఞనారాయణగారి కామెంటు

ఒకరు రాసినదాన్ని చదివి మెచ్చుకోవడమంత దండగమారి పని ఇంకోటి లేదు. చదివితే ఏమవుతుంది? తప్పులు కనిపిస్తాయి. తప్పులు కనిపిస్తే మెచ్చుకోవడానికి చెయ్యి రాదు. అదే చదవలేదనుకోండి, ప్రతి రచనా అద్భుతమే! ఈ రెండువేల ఎనిమిదిలో తెలుగు బ్లాగులు ఇంత పచ్చగా ఉన్నాయంటే అదంతా చదవనివాళ్ల చలవే కదూ?

ఈ విద్యలో కొంపల్లి యజ్ఞనారాయణగారిని మించినవారు లేరు. బీమా ఆఫీసు ఉద్యోగం మీద కోనసీమ నుంచి వచ్చి, కొంపల్లిలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడిన పెద్దమనిషి. 'సుజ్ఞాన సుధ' అని బ్లాగు పెట్టి, కరివేపాకు విశిష్టత మీదే ఆరు భాగాలు రాశారు. పాపం, రెండేళ్లలో కామెంటు పెట్టింది ఆయన బావమరిది ఒక్కడే. అదీ అక్క ఫోన్ చేసి గట్టిగా చెబితే పెట్టాడు.

అక్కడికి పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో, మేడ్చల్ బస్టాండు పక్కన జిరాక్స్ సెంటర్ నడిపే రవీందర్ బ్లాగుకేమో పోస్టుకు నలభై కామెంట్లు! ఏం రాస్తాడని? తొంభైల్లో అదే మడిగెలో తాను నడిపిన వీడియోగేముల దుకాణం గురించి. నాలుగు టీవీలు, అతుకుల వైర్లు, బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు, చీపురు పట్టుకుని వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన తల్లులు.

యజ్ఞనారాయణగారిది ఒకటే కోరిక. రవీందర్ తన బ్లాగుకు వచ్చి ఒక్క కామెంటు, ఒక్కటంటే ఒక్కటి పెడితే చాలు. వెనకాలే ఆ జనమంతా వచ్చేస్తారు. మరి ముందు మనం మెచ్చుకోనిదే ఎదుటివాడెందుకు మెచ్చుకుంటాడు? అందుకని రోజూ ఆఫీసులో టీ తాగే లోపల రవీందర్ బ్లాగు తెరిచి, శీర్షిక చూసి, అభినందించి మూసేసేవారు. "వీడియోగేముల మీద మీ సాధికారత తెలుగుజాతికే గర్వకారణం" అని కూడా ఒకరోజు రాశారు. జాయ్‌స్టిక్కంటే పుల్లైసు లాంటిదేమోనని ఆయనకు అప్పటికీ అనుమానమే.

మొన్న శ్రావణంలో రవీందర్ 'గేమ్ ఓవర్' అని ఒక పోస్టు పెట్టాడు. యజ్ఞనారాయణగారు శీర్షిక చూశారు. ఇంకేం కావాలి? "నవ్వీ నవ్వీ కడుపు చెక్కలైంది. మీ ఇంట ఇలాంటివి మరిన్ని జరగాలనీ, మీరు ఇంతే హాస్యంగా రాయాలనీ కోరుకుంటున్నాను" అని రాసి, కింద ఎప్పట్లాగే ఫోను నంబరు వేశారు.

నాలుగో రోజున ఫోన్ వచ్చింది.

"సార్, నేను మేడ్చల్ రవీందర్‌ను. మీరు రాసింది చూసిన. ఆదివారం మా ఇంటికాడ నలుగురు కూడుతున్నరు. గా పోస్టు మీకు గంత నచ్చింది గద, మీరే వచ్చి అందరికి చదివి వినిపియ్యాలె."

యజ్ఞనారాయణగారి కాళ్లు భూమ్మీద నిలవలేదు. "సభ పెడుతున్నాడే, నన్ను అధ్యక్షుడిగా పిలిచాడు" అన్నారు భార్య బాలాత్రిపురసుందరితో.

"ఇంతకీ ఆ పోస్టులో ఏముందండీ?" అందావిడ.

"హాస్యం" అన్నారాయన.

ఆదివారం పట్టు కండువా వేసుకుని, రవీందర్‌ను సన్మానించడానికి శాలువా, గులాబీ దండ కొనుక్కుని మేడ్చల్ వెళ్లారు. ఇంటి ముందు షామియానా చూడగానే ఆయన గుండె ఉప్పొంగింది. దాని కింద వంద కుర్చీలు, ఎదురుగా బల్ల మీద ఒక ఫోటో. ఫోటోలో బుగ్గన తమలపాకు పెట్టుకుని నవ్వుతున్న ముసలమ్మ.

"మా అవ్వ సార్, ముత్తమ్మ. ఇయ్యాల దినాలు" అన్నాడు రవీందర్. ఆయన చేతిలోని దండ తీసుకుని ఫోటోకు వేశాడు. తర్వాత రెండు కాగితాలు ఆయన చేతిలో పెట్టాడు. "చదువున్రి సార్. కడుపు చెక్కలైతది గద."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే యజ్ఞనారాయణగారికి చెమటలు పట్టాయి. పారిపోదామంటే చెప్పులు ఎక్కడో జనం మధ్య ఉన్నాయి. చేసేదిలేక చదవడం మొదలుపెట్టారు.

"దుకాణంల టైం చూసే మా అవ్వకు గడియారం చూడరాదు. అరగంట ఆట అంటే ఆమెకు ఒక ఆకు. ఆకు నోట్ల ఏసుకొని 'ఆడున్రి' అంటది. నమిలి ఉమ్మిందంటే టీవీ బంద్. నచ్చిన పోరడు ఓడిపోయేటట్టున్నడనుకో, మెల్లగ నములుతది. టీవీల ఇద్దరు గుద్దుకుంటాంటె, 'విడిపియ్యక చూస్తరేందిరా' అని పోరగాండ్లను తిడతది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత వెనక వరుసంతా నవ్వింది. ఒకప్పుడు ఆ టీవీల ముందు కూర్చున్నవాళ్లే వాళ్లంతా. యజ్ఞనారాయణగారికీ నవ్వొచ్చింది, నిజంగానే.

నవ్వుతూనే రెండో కాగితం చివరికి వచ్చారు. "ఆఖరుకు దవఖానల ఆకు బంద్ పెట్టిన్రు. గని ఉత్త నోరే నములుతాంది. ఎవనికో ఇంకింత టైం ఇస్తాందని నాకు ఎర్కైంది."

ఎంత బాగా రాశాడు వీడు, ఇన్నాళ్లూ ఒక్క ముక్క చదవలేదే అని సిగ్గేసింది. కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"నువ్వు నన్ను నాలుగు తిట్టవలసింది నాయనా" అన్నారు.

"ఏం తిడత సార్. అవ్వ పోయిందని రాస్తె నలభైమంది మెచ్చుకున్నరు" అన్నాడు రవీందర్. "మీ నంబరుంది గావట్టి మీకు ఫోన్ జేసిన. మిగిలినోళ్లకు దినాలకు రమ్మని మెయిలు కొట్టిన. మెయిలు మస్తు రాసినవ్ అన్నరు."